కాటా దగ్గర పరిశుద్ధత: ఒక ధాన్యం వ్యాపారి కేస్ స్టడీ

ఈ కేసును ఆ సహోదరుడి అనుమతితోనూ ఆయన భార్య అనుమతితోనూ రాస్తున్నాను. ఊరు, కుటుంబ వివరాలు, సంఘటనల కాలక్రమం మార్చాను. వృత్తిని మాత్రం మార్చలేదు; ఆయన ఆత్మీయ పోరాటమంతా ఆ వృత్తి చుట్టూనే నడిచింది కాబట్టి దాన్ని మారిస్తే కేసే మిగలదు. కొత్తగా రక్షణ పొందినవారిని నడిపించే కాపరులకూ, ఆత్మీయ సలహా పరిచర్యలో ఉన్నవారికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

ఆయన గోదావరి డెల్టాలో రైతుల దగ్గర ధాన్యం కొని మిల్లులకు తోలే కమీషన్ వ్యాపారి. నలభై దాటిన మనిషి. పుట్టుకతో క్రైస్తవుడు కాడు. భార్య జబ్బుపడి మంచం పట్టిన రోజుల్లో ఇంటికి వచ్చి ప్రార్థన చేసినవారి ద్వారా వాక్యం విన్నారు, మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నారు. నా దగ్గరికి వచ్చేనాటికి అది జరిగి నాలుగేళ్లు దాటింది. ఆ నాలుగేళ్లలో మందు మానేశారు, చుట్ట మానేశారు, పేకాట మానేశారు. దశమ భాగం తప్పకుండా ఇచ్చేవారు. శుక్రవారం ఉపవాస కూటానికి గైర్హాజరయ్యేవారు కాదు. సంఘంలో ఆయన పేరు చెబితే మారిన జీవితానికి మాదిరిగా చూపించేవారు.

ఆయన వ్యాపారం ఎలా నడుస్తుందో కొంత చెప్పాలి. మా వైపు సార్వాకైనా (ఖరీఫ్ పంట) దాళ్వాకైనా (రబీ పంట) రైతు, ముఖ్యంగా కౌలు రైతు, పెట్టుబడి డబ్బు వ్యాపారి దగ్గరే తెచ్చుకుంటాడు. కోత కోశాక ఆ పంట ఆ వ్యాపారికే తోలతాడు. బస్తా అంటే 75 కిలోలు. కళ్లంలో కాటా వేసేటప్పుడు సంచి బరువు కింద, తేమ కింద, తాలు, మట్టిగడ్డల కింద కొంత తీసేస్తారు. దాన్ని తరుగు అంటారు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన, దాన్ని కొలవడానికి యంత్రం ఉంటుంది. ప్రైవేటు కొనుగోలులో మాత్రం చాలాచోట్ల వ్యాపారి పళ్లే యంత్రం. నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి, పచ్చిగా ఉన్నదీ ఎండిందీ ఆయనే చెబుతాడు. బస్తాకు మూడు కిలోలు అదనంగా తీస్తే ఇరవై అయిదు బస్తాలకు ఒక బస్తా రైతు చేతిలోంచి జారిపోతుంది. కౌలు బస్తాల లెక్కన ముందే ఖరారై ఉంటుంది కనుక ఆ నష్టం భూమి యజమానికి తగలదు, పూర్తిగా కౌలుదారుడి మీదే పడుతుంది.

ఆయన తెచ్చిన సమస్య

ఆయన కాటా గురించి నా దగ్గరికి రాలేదు. "అయ్యగారూ, ప్రార్థనలో కూర్చుంటే మాట రావడం లేదు. మోకాళ్లు వేస్తున్నాను, లేస్తున్నాను, అంతే. నా రక్షణ పోయిందేమోనని భయంగా ఉంది" అన్నారు. ఇంట్లో కోపం అదుపు తప్పుతోందని, కొడుకు మీద చెయ్యి చేసుకున్నానని కూడా చెప్పారు. మాట్లాడుతున్నంతసేపూ హెబ్రీ పత్రిక 12:14ను, పరిశుద్ధత లేకుండా ఎవడూ ప్రభువును చూడడన్న మాటను, తన మీద తానే తీర్పుగా చదువుకుంటున్నారు.

ఇలాంటి స్థితిలో ఉన్నవారికి వెంటనే ఏదో ఒక దాచిన పాపం ఉందని అనుమానించి తవ్వడం మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు. ప్రార్థన ఎండిపోవడానికి ఒంటి అలసట, దిగులు, నిద్రలేమి కూడా కారణాలు కావచ్చు. అందుకే ముందు నిద్ర గురించి, ఆరోగ్యం గురించి అడిగాను, వైద్యుడికి చూపించుకోమన్నాను. అక్కడ చెప్పుకోదగ్గ లోపమేమీ కనిపించలేదు. తరువాత మాత్రమే ఆయన్ని ఒక మామూలు రోజును, లేచింది మొదలు పడుకునే వరకు, ఏ పాపమూ పుణ్యమూ అని పేరు పెట్టకుండా వరసగా చెప్పమని అడిగాను. పాపాలు చెప్పమంటే మనిషి తనకు అలవాటైన జాబితానే అప్పజెబుతాడు. రోజును చెప్పమంటే ఎక్కడ ఆగాడో, ఎక్కడ తొందరపడ్డాడో వినేవాడికి తెలుస్తుంది.

వేకువ ప్రార్థనను ఆయన వివరంగా చెప్పారు. సాయంత్రపు కూటాన్నీ వివరంగా చెప్పారు. మధ్యలో ఉన్న ఎనిమిది గంటలను "పదింటికి కళ్లానికి వెళ్లాను, కాటా వేయించాను, వచ్చాను" అని ఒక్క మాటలో దాటేశారు. అక్కడ ఆపి, గింజ కొరికాక రైతుతో ఏమన్నారని అడిగాను. కాసేపు ఊరుకుని, కళ్లంలో మాట్లాడే గొంతుతోనే చెప్పారు: "ఇంకా పచ్చిగా ఉంది బాబాయ్, మూడు కిలోలు తియ్యకపోతే మిల్లువాళ్లు లారీ వెనక్కి తిప్పేస్తారు." పచ్చిగా ఉందా అని అడిగాను. లేదన్నారు. ఆ గింజ కొరికిన నోటితోనే ఆ సాయంత్రం కూటంలో సాక్ష్యం చెప్పానని ఆయనంతట ఆయనే అన్నారు.

అంతకుముందు చేసిన ప్రయత్నాలు

ఆయన పరిశుద్ధతను నిర్లక్ష్యం చేసిన మనిషి కాదన్నది ఈ కేసులో మరువకూడని విషయం. మొదట ఆయనకు ఇచ్చింది మానవలసినవాటి జాబితా. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. మందు మానడం వల్ల ఆ ఇంట్లో అన్నం, ఆరోగ్యం, గౌరవం తిరిగి వచ్చాయి. కానీ ఆ జాబితాలో ఉన్నవన్నీ సంఘం కంటికి కనబడేవి. జాబితా పూర్తయ్యేసరికి పని పూర్తయిందన్న తృప్తి ఆయనకూ కలిగింది, సంఘానికీ కలిగింది. తరుగు సంగతి ఎవరూ అడగలేదు, ఎందుకంటే అది మా ప్రాంతంలో పాపంగా కాక వ్యాపార పద్ధతిగా చెలామణి అవుతుంది. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 మీద ప్రసంగం విన్నప్పుడు కూడా తన కాటా గుర్తు రాలేదట. కాటాలో రాళ్లు మార్చే మరొకాయన గుర్తొచ్చారట. తన యంత్రం సరిగ్గానే చూపిస్తుంది కదా! అబద్ధం కాటాలో లేదు, కాటా వేశాక చెప్పే మాటలో ఉంది.

రెండో ప్రయత్నం మహాసభల్లో జరిగింది. పూర్తిగా సమర్పించుకో, నీ ప్రయాస మాని విశ్వాసం ద్వారా విశ్రమించు, జయజీవితం ఈ రాత్రే నీది అన్న బోధకు ఆయన ఏటేటా ముందుకు వెళ్లి మోకరించారు. ఈ బోధకు చరిత్ర ఉంది. 1875లో ఇంగ్లండులోని కెస్విక్ అనే ఊళ్లో మొదలైన సభలు దీన్ని ప్రపంచమంతా వ్యాపింపజేశాయి, మన దేశంలోని అనేక సభల ఒరవడి మీద కూడా దాని ముద్ర ఉంది. స్వశక్తితో ఎవడూ పరిశుద్ధుడు కాలేడని అది చెప్పే మాట సత్యం. అయితే ఈ సహోదరుడి విషయంలో అది పరిశుద్ధతను ఒక రాత్రి వేదిక ముందు జరిగే సంఘటనగా మార్చింది. కన్నీళ్లతో సమర్పించుకున్న మనిషికి మర్నాడు కళ్లంలో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పాత మాటే నోటికి వచ్చినప్పుడు, నిన్నటి సమర్పణే నిజం కాదేమోనన్న సందేహం పుట్టింది. ఏడాదికేడాది ఆ సందేహం పేరుకుని, రక్షణే లేదేమోనన్న భయంగా ముదిరింది.

నిలబడని మార్గం

కాటా సంగతి బయటపడ్డాక మేము మొదట ఎంచుకున్నది సూటి మార్గం: అదనపు తరుగు మానేయాలి, ప్రతి వారం ఒక సంఘ పెద్దకు ఫోన్ చేసి ఆ వారం ఎలా గడిచిందో చెప్పాలి. ఆ దాళ్వా కోతల్లో ఆయన మాట నిలబెట్టుకున్నారు. సంచి బరువు మించి గ్రాము కూడా తియ్యలేదు. వారం వారం ఫోన్లో "ఈ వారం తప్పు జరగలేదు" అని చెప్పేవారు, పెద్ద సంతోషించేవారు. కానీ ఇంట్లో కోపం తగ్గలేదు, ప్రార్థన తెరుచుకోలేదు.

కారణం ఆయన భార్య మాటల్లో దొరికింది. "ఈసారి బస్తా మీద రేటు తగ్గించి కొంటున్నారండీ, మిల్లులో సరుకు తీసుకోవడం లేదని చెబుతున్నారు" అందామె. మిల్లులో సరుకు మామూలుగానే తీసుకుంటున్నారు. తరుగులో పోయిన మూడు కిలోల విలువ రేటులోంచి తిరిగి వచ్చేసింది. నేను ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం ఇదే. ఆయన మోసపూరితంగా నాతో ఒప్పందం తప్పించుకోలేదు; తరుగు మానమన్నారు, మానాను అన్నదే ఆయన మనస్సాక్షి సమాధానం. నియమం ఒక తలుపు మూసింది. ఎదుటివాడి అవసరం మీద బతకాలన్న ఆశ మరో తలుపులోంచి వచ్చింది. రోమా పత్రికలో పౌలు ఆజ్ఞ మంచిదేనని, అయినా పాపం ఆ ఆజ్ఞనే ఆసరా చేసుకుందని ఎందుకు రాశాడో ఆ రేటు కాగితం చూశాక నాకు మరింత స్పష్టమైంది.

ఫోన్ ఏర్పాటులోనూ లోపముంది. ఆ పెద్ద నిజాయితీపరుడే, కానీ ఉద్యోగి. ధాన్యం వ్యాపారం తెలియదు. అడగవలసిన ప్రశ్న తెలియని మనిషికి ఇచ్చే జవాబు ఎంత నిజమైనా పైపైనే ఉంటుంది.

పని చేసినది

ఇక్కడ క్రమం నిర్ణయించడానికి చాలా ఆలోచించాను. సహజంగా తోచేది, తీసుకున్నది తిరిగి ఇచ్చేయమని చెప్పడం. లూకా 19లో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు కదా. అయితే ఆ రోజుల్లో ఈ మనిషి తన రక్షణ పోయిందన్న భయంలో ఉన్నారు. ఆ భయంలో డబ్బు తిరిగి ఇస్తే అది దేవునికి కట్టే జరిమానా అవుతుంది, క్షమాపణను కొనుక్కునే ప్రయత్నం అవుతుంది. ఎంత ఇచ్చినా చాలదన్న బెంగ మిగులుతుంది. జక్కయ్య ఇంటికి యేసు వచ్చాకే అతను లేచి నిలబడి ఆ మాట అన్నాడు. చేర్చుకోవడం ముందు, చెల్లించడం తరువాత. అందుచేత కొన్ని వారాల పాటు డబ్బు మాట ఎత్తకుండా, రోమా 5, 6 అధ్యాయాలను ఆయనతో కూర్చుని నింపాదిగా చదివాను. దేవుడు నిన్ను నీతిమంతుడుగా తీర్చింది నీ పరిశుద్ధత చూసి కాదు, క్రీస్తు మరణాన్ని బట్టి. పరిశుద్ధతలో ఎదగడం ఆ తీర్పు మారుతుందేమోనన్న భయంతో చేసే పని కాదు, ఆ తీర్పు మారదన్న ధైర్యంతో చేసే పని. ఒక ఉదయం ఆయన, "అయితే కళ్లంలో నేనన్న అబద్ధం గురించి దేవుడి దగ్గర దాచక్కర్లేదన్నమాట" అన్నారు. ఆ వారమే ప్రార్థనలో మాట వచ్చిందని భార్య చెప్పింది.

ఆ తరువాత లేవీయకాండము 19 చదివాం. నేను పరిశుద్ధుడనై యున్నాను గనుక మీరు పరిశుద్ధులై యుండవలెను అని మొదలయ్యే ఆ అధ్యాయం పొలం అంచున పరిగె వదలమంటుంది, కూలివాడి కూలి తెల్లవారే వరకు దగ్గర ఉంచుకోవద్దంటుంది, చివరికి న్యాయమైన త్రాసు, న్యాయమైన కొలత దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆయన ఆ అధ్యాయాన్ని తన వృత్తి పుస్తకంలా చదివారు. ఇకమీదట ఏం చేయాలన్న ఆలోచన అక్కడ ఆయన వైపు నుంచే మొదలైంది, నేను నియమం పెట్టవలసిన అవసరం రాలేదు.

ఆయన తేమ కొలిచే యంత్రం కొన్నారు. దాన్ని తన జేబులో ఉంచుకోకుండా రైతు చేతికే ఇచ్చి, గింజలు వేసి అంకె చదవమనేవారు. ఖాళీ సంచిని ముందు కాటా మీద పెట్టి, దాని బరువే తీసేవారు. మిల్లు ఇచ్చే ధర రాసిన చీటీ చూపించి తన కమీషన్ ఎంతో చెప్పేవారు. గింజ కొరకడం మాత్రం మానలేకపోయారు. అలవాటుగా నోట్లో వేసుకుని, గుర్తొచ్చి, మాట్లాడకుండా యంత్రం వైపు చెయ్యి చూపించేవారట. నాకు ఇది చాలా విలువైన వివరంగా తోచింది. ఎఫెసీ 4:28 దొంగిలేవాడు దొంగతనం మాని ఊరుకోమని చెప్పదు, ఆ చేతులతోనే కష్టపడి అక్కరగలవాడికి పంచమంటుంది. ప్రాచీన స్వభావాన్ని వదులుకోవడం, నవీన స్వభావాన్ని ధరించుకోవడం అని మనం పెద్ద మాటల్లో బోధించేది ఈ సహోదరుడి జీవితంలో ఒక చిన్న యంత్రాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్న నిర్ణయంగా వచ్చింది.

రెండోది నలుగురి కూటం. ఫోన్ ఏర్పాటు బదులు, వేర్వేరు పనులు చేసే నలుగురిని కలిపాం: ఈయన, ఒక తాపీ మేస్త్రి, ఒక బస్సు కండక్టరు, ఒక కౌలు రైతు. కౌలు రైతును చేర్చడం మీద నాకు పట్టుదల ఉంది, కళ్లంలో కాటాకు అవతలి వైపు నిలబడేవాడి కంటికి కనబడేది మరెవరికీ కనబడదు. ఆయన ఈ వ్యాపారికి బాకీ ఉన్నవాడు కాకుండా చూసుకున్నాను, బాకీ ఉంటే నోరు పెగలదు. ఈ పద్ధతి కొత్తది కాదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ఊళ్లో మెథడిస్టులు, అంటే జాన్ వెస్లీ అనుచరులు, తమ మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విడదీసి, వారానికి ఒక పెన్నీ వసూలు చేయడానికి ఒక్కొక్కరిని పెట్టారు. ఇంటింటికీ తిరిగినవారికి ఆ ఇళ్ల స్థితి తెలిసింది, ఆ వసూలు కూటాలే ఒకరి ఆత్మీయ స్థితిని ఒకరు విచారించుకునే కూటాలయ్యాయి. మా నలుగురూ కూడా డబ్బు గురించే మాట్లాడుకోవడంతో మొదలుపెట్టారు. ఈ వారం ఎవరి అవసరం వల్ల నీకు లాభం వచ్చింది అన్నది వాళ్లు తమకు తాము తయారుచేసుకున్న ప్రశ్న. తప్పు జరిగిందా లేదా అన్న ప్రశ్న కంటే అది ఎంతో లోతైనది. రేటు తగ్గించే ఉపాయం ఆ ప్రశ్న ముందు ఒక్క వారం కూడా దాగదు.

మూడోది తిరిగి చెల్లించడం. అప్పటికి ఆయనే అడిగారు. సంఖ్యాకాండము 5:7–8లోని క్రమాన్ని తీసుకున్నాం: చేసిన పాపం ఒప్పుకోవాలి, అసలు చెల్లించాలి, దానిలో అయిదవ వంతు కలపాలి. జక్కయ్య నాలుగంతలు అతని స్వంత మాట, దాన్ని ఇంకొకరి మీద పెట్టే హక్కు నాకు లేదు. బాప్తిస్మానికి ముందు తీసుకున్నది దేవుడు క్షమించలేదా అని ఆయన అడిగారు. క్షమించాడు, కానీ రైతు పోగొట్టుకున్న బస్తా ఆ క్షమాపణతో రైతు ఇంటికి చేరలేదు కదా అన్నాను. చిట్టా పుస్తకాలు దొరికిన పంటలన్నిటికీ లెక్క వేశారు.

భార్యకు ముందు చెప్పాలని నేను గట్టిగా అన్నాను, అది ఆమె సొత్తు కూడా. ఆమె మొదట భయపడింది. "పిల్ల పెళ్లికి దాచింది అయ్యగారూ" అంది. ఎవరూ ఆమెను వాక్యంతో ఒత్తిడి చేయకూడదని ఆయనకు చెప్పాను. కొన్ని రోజులకు ఆమే, ఒకేసారి కాకుండా రెండు పంటలలో ఇద్దామంది, అలాగే చేశారు. తరువాతి కొనుగోలులో తూకం ఎక్కువ వేసి సర్దుదామన్న ఆలోచన వచ్చింది గానీ వద్దనుకున్నాం, రైతులకు అది వ్యాపారి ఎర వేస్తున్నట్టు కనబడుతుంది. డబ్బు చేతికిచ్చి, కారణం ఒక్క వాక్యంలో చెప్పడమే నిర్ణయం. కొందరు నవ్వేశారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఒకాయన డబ్బు తీసుకుని, "ఇన్నేళ్లూ మా నోరు కొట్టావన్నమాట" అని, ఆ తరువాత మళ్లీ ఆయనకు ధాన్యం తోలలేదు. ఆ కోపం న్యాయమైనదని, క్షమించమని ఒత్తిడి చేయవద్దని ఈ సహోదరుడికి చెప్పాను.

చనిపోయిన, ఊరు విడిచి వెళ్లిపోయిన కౌలుదారుల వంతు మిగిలింది. సంఖ్యాకాండము ప్రకారం బంధువు లేకపోతే అది యాజకుడికి చెందుతుంది. ఆ వాక్యాన్ని ఆధారం చేసుకుని సంఘానికి తీసుకోవడానికి నేను ఒప్పుకోలేదు. ఆయనకు సలహా ఇచ్చిన చేతులు ఆ డబ్బు అందుకోకూడదు. కౌలు రైతుల పిల్లల చదువుకు, సంఘంతో సంబంధం లేని ఒక ఉపాధ్యాయుడి ద్వారా పంచారు. ఈ విషయాన్ని ఆదివారం సాక్ష్యంగా చెప్పించమని కొందరు పెద్దలు కోరారు, దానికీ ఒప్పుకోలేదు. అప్పుడే మొదలైన మొక్కను వేళ్లు చూడటానికి పీకినట్టు అవుతుందని వారికి చెప్పాను.

ఏం నేర్చుకోవచ్చు

కొత్త విశ్వాసిని అడిగేటప్పుడు అతని వృత్తిలో సర్వసాధారణమై, ఎవరూ పాపం అనని విషయం ఏమిటో కాపరి ముందుగా తెలుసుకుని ఉండాలి. మేస్త్రికి సిమెంటు కలిపే పాళ్లు, కండక్టరుకు చిల్లర, ఉపాధ్యాయుడికి హాజరు పట్టీ. మందు, సినిమా గురించి అడగడానికి ఆ పని తెలియక్కర్లేదు, కాటా గురించి అడగాలంటే ఒక పూట కళ్లంలో కూర్చోవాలి. అలాగే ఒక పాపం ఆగిపోయినప్పుడు, దాని వల్ల వచ్చే లాభం ఇప్పుడు ఎటునుంచి వస్తోందో చూడాలి. అటు చూడకపోతే జయించామని పొరపడతాం. ఫిలిప్పీ 2:12–13లో రక్షణను కొనసాగించుకోమన్న ఆజ్ఞ, మీలో కార్యసిద్ధి కలుగజేసేవాడు దేవుడే అన్న వాగ్దానం ఒకే ఊపిరిలో వస్తాయి. మహాసభ రెండోదాన్ని మాత్రమే వినిపించింది, మానవలసినవాటి జాబితా మొదటిదాన్ని మాత్రమే వినిపించింది.

ప్రస్తుత స్థితి

ఆయన వ్యాపారం ఒక పంట కాలం బాగా తగ్గింది. అదనపు తరుగు లేకుండా సరుకు ఇవ్వలేనన్నందుకు ఒక మిల్లు సంబంధం తెగింది. తరువాత చీటీ చూపించి కొంటాడన్న పేరుతో కొత్త రైతులు వచ్చారు, అయినా మునుపటి లాభం లేదు. హమాలీల మీద అరవడం దాదాపు మానేశారు. కొడుకుతో మాట మాత్రం ఇంకా సర్దుకోలేదు. ఆ అబ్బాయి తండ్రి మారాడని నమ్మడానికి తొందరపడటం లేదు, తొందరపడమని మేమూ చెప్పడం లేదు. పెట్టుబడి అప్పు మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ సంగతి ఇప్పుడు నలుగురి కూటం ముందుంది. అది ఊళ్లో అందరూ తీసుకునే వడ్డీయేనని ఆయన అంటున్నారు. తరుగు కూడా అందరూ తీసేదే కదా అని కౌలు రైతు అడిగారు. వచ్చే సార్వా నాట్లకు అప్పులు ఇచ్చేలోపు ఒక నిర్ణయానికి రావాలని అనుకున్నారు.